సాక్ష్యానికి ఒక కష్టం కావాలి

బాగేపల్లి శ్రీనివాసప్పకు అరవై రెండేళ్ళు నిండినా చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటీ రాలేదు. చక్కెర జబ్బు లేదు, బీపీ లేదు. ఇద్దరు కూతుళ్ళూ మంచి ఇళ్ళలో పడ్డారు. అల్లుళ్ళు ఎదురు మాట్లాడరు. ప్రభుత్వ బస్సు డ్రైవరుగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి ఒక్క యాక్సిడెంటూ చేయనందుకు ఇచ్చిన బెళ్ళి పదక, అదే వెండి పతకం, ముందుగదిలో గాజు పెట్టెలో ఉంది. దాన్ని వారానికొకసారి మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. తుడిచేటప్పుడు ఎవరైనా ఇంటికి వస్తే ఇంకాస్త నిదానంగా తుడుస్తాడు.

దేవుడి దగ్గరికి కూడా ఆయన కష్టపడి రాలేదు. పన్నెండేళ్ళ కిందట భార్య సుజాతమ్మ ప్రార్థనకు పోతుంటే స్కూటరు మీద దింపి, కూటం ముగిసేదాకా బయట వేపచెట్టు కింద పేపరు చదువుతూ కూచునేవాడు. ఒక ఆదివారం వాన పట్టుకుంది. తడవకుండా ఉంటే చాలని లోపలికి పోయాడు. వాన వెలిసినా బయటికి రాలేదు. అంతే సంగతి. బాప్తిస్మం రోజు కొత్త పేరు పెట్టుకుంటారా అని పాస్టరు అడిగితే, "వద్దు సార్. పేరు మారిస్తే పెన్షన్ కాగితాలన్నీ మార్చల్ల. నేనెవరో దేవుడికి తెలుసు, ఆఫీసోళ్ళకే తెలీదు" అన్నాడు.

అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. తన విశ్వాసం కూడా తన డ్రైవింగు లాంటిదేనని, గీత దాటదని ఆయన నమ్మకం. ఆ మాట పైకి అనడు గానీ, సంఘంలో ఎవరైనా దేవుడి మీద అలిగి రెండు వారాలు మానేశారని తెలిస్తే మాత్రం, "అట్లా ఎట్ల వదిలేస్తారప్పా, స్టీరింగు వదిలేసినట్టు?" అంటాడు.

ఆ సంఘంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాలంటే లక్ష్మీనరసమ్మే. ఆమెకు మూడు సాక్ష్యాలున్నాయి: రాగుల బానలో నాగుపాము, బావిలో పడడం, పిత్తాశయంలో రాళ్ళు. మూడూ విని విని అందరికీ కంఠతా వచ్చేశాయి, అయినా పాము పడగ విప్పే చోట ఇప్పటికీ పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుంటారు. అలాంటి లక్ష్మీనరసమ్మకు సరిగ్గా పెద్ద కూటానికి వారం ముందు గొంతు పోయింది. వారం రోజులు గట్టిగా మాట్లాడకూడదన్నాడు డాక్టరు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అమరనాథ్, శ్రీనివాసప్ప భుజం మీద చేయి వేశాడు. "వచ్చే శనివారం చింతామణిలో మూడు తాలూకాల సంఘాలు చేరుతాయి గదా. శోధనల్లో దేవుడు తన బిడ్డల్ని ఎట్లా కాపాడతాడో చెప్పుకునే కూటం. బాగేపల్లి తరఫున ఒక సాక్ష్యం ఉండల్ల. ఈసారి మీరు చెప్పండి శ్రీనివాసప్పా."

శ్రీనివాసప్ప వెంటనే ఒప్పుకున్నాడు. స్కూటరు తాళం తీసేటప్పుడు మాత్రమే ఆయనకు తట్టింది, చెప్పడానికి ఏమీ లేదని.

ఇంటికి రాగానే సుజాతమ్మను అడిగాడు. "ఏమే, నాకు ఇంతవరకూ ఏమేం కష్టాలొచ్చినాయో జ్ఞాపకముందా నీకు?"

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. "నీకా? నీకెట్ల వస్తాయి? వచ్చిందంతా నా మీద దించేసి నువ్వు డ్యూటీకి పోతివి గదా."

"పెద్దదానికి టైఫాయిడ్ వచ్చింది గదా."

"వచ్చింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నింది నేను. నువ్వు బెంగళూరు రూట్లో ఉన్నావు."

"మా అమ్మకు పక్షవాతం?"

"నాలుగేండ్లు. నీళ్ళు పోసింది ఎవరు, బట్టలు మార్చింది ఎవరు?"

"అయితే సాక్ష్యం నువ్వే చెప్పు పో."

"నన్నెవరూ అడగలేదు గదా," అని ఆమె గింజల గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

సోమవారం పొద్దున ఆయన ముందుగదిలో మోకాళ్ళూని బాగా ఆలోచించి ఒక ప్రార్థన చేశాడు. "ప్రభువా, నాకొక కష్టం ఇయ్యి. చిన్నదే చాలు. శుక్రవారం లోపల అయిపోయేది అయితే బాగుంటాది. గుండె, కిడ్నీ వద్దు. పిల్లల జోలికి పోవద్దు. స్కూటరు కూడా వద్దు, మొన్ననే సర్వీసు చేయించినా. నేను గట్టిగా నిలబడతా, నువ్వే చూస్తావు."

వంటింట్లోంచి సుజాతమ్మ గొంతు వినిపించింది. "దేవుణ్ణి అడుగుతాండావా, హోటల్లో ఆర్డరిస్తాండావా?"

మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు టీతో పాటు బియ్యప్పిండి చెక్క లాంటి నిప్పట్టు కొరికాడు. సుజాతమ్మ నిప్పట్లు కాస్త గట్టిగానే చేస్తుంది. నోట్లో కటుక్కుమంది. విరిగింది నిప్పట్టు కాదు. కుడివైపు వెనక దవడపన్ను సగానికి చీలి, ఆ చీలికలోంచి నొప్పి చెవిదాకా పోయి, అక్కణ్ణుంచి కంటి వెనక్కి తిరిగి, మళ్ళీ పంటి దగ్గరికే వచ్చింది.

శ్రీనివాసప్ప చెంప పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చేసింది! సుజాతా, వచ్చేసింది!"

"ఎవరు?" అంది ఆమె, వాకిలి వైపు చూస్తూ.

ఆయన ఒక నోటుబుక్కు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాడు. నాలుగు గంటలకు శోధన మొదలైందని రాశాడు. నాలుగున్నరకు, నిలబడి ఉన్నానని రాశాడు. ఐదింటికి లవంగం పెట్టానని, దేవునికి స్తోత్రమని రాశాడు. ఐదున్నరకు అక్షరాలు వంకర పోయాయి. ఆరింటికి, "ప్రభువా, అర్థమైంది, ఇంక చాలు" అని రాసి పెన్ను పారేశాడు.

బుధవారం పొద్దునకి చెంప ఉబ్బి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. రోజూలాగే సుజాతమ్మ ప్రార్థనకు పిలిచింది. శ్రీనివాసప్ప మంచం దిగలేదు.

"నువ్వే మాట్లాడుకో ఆయనతో. నాకూ ఆయనకూ మాటల్లేవు."

"ఏమి?"

"చిన్నదే అడిగినా గదా నేను. ఇది చిన్నదా?"

సుజాతమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెల్లెలి కూతురు అర్పితకు ఫోను చేసింది. అర్పిత చిక్కబళ్ళాపురంలో పంటి డాక్టరు. పదకొండింటికి రమ్మంది. సుజాతమ్మకు ఆరోజు స్త్రీశక్తి పొదుపు సంఘం మీటింగు ఉంది, తాలూకా ఆఫీసునుంచి మేడమ్ వస్తోంది, అధ్యక్షురాలు తను లేకుంటే కుదరదు. "ఒక్కడివే పోయొస్తావా?" అని రెండుసార్లు అడిగింది. పోతానన్నాడు. తనకు సూదంటే భయమని ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. టీకాలంటే కూడా డ్యూటీ ఉందని చెప్పి తప్పించుకున్న మనిషి.

బస్సు తను ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన రూటుదే. డ్రైవరు కుర్రాడు గేరు మార్చిన ప్రతిసారీ శ్రీనివాసప్ప పన్ను దాన్ని లెక్కపెట్టింది. పక్క సీట్లో కూచున్న తెల్లమీసాల రైతు ఆ చెంపను కాసేపు చూసి జాలిపడ్డాడు.

"పన్నా అప్పా?"

"ఊ."

"డాక్టరు దగ్గరికా? ఇంతపొడుగు సూది చిగుర్లోకి దించుతారు. నాకు దించినారు." ఆయన రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. అంత సూది పశువులకు కూడా ఉండదు. "ఎందుకప్పా నీకా బాధ? పేరేసంద్రలో పంటి పురుగు తీసేవాడు ఉండాడు. చెవిలో గొట్టం పెట్టి మంత్రం చదివితే పురుగు దానంతటదే బయటికొచ్చేస్తాది. సూది లేదు, రక్తం లేదు."

మామూలు రోజయితే శ్రీనివాసప్ప ఆయనకు అరగంట వాక్యం చెప్పి ఉండేవాడు. ఆరోజు మాత్రం పేరేసంద్ర రాగానే గబగబా దిగిపోయాడు.

హైవే కింద సర్వీసు రోడ్డు పక్కన, పంచరు షాపును ఆనుకుని టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక రాగి గొట్టం, ఒక సీసా. సీసాలో నీళ్ళల్లో తెల్లటి పురుగులు తేలుతున్నాయి. "అన్నీ ఈ తాలూకా జనాల పండ్లలోవే," అన్నాడు పురుగులు తీసేవాడు గర్వంగా. జులపాల జుట్టు, మెడలో పూసలు, చేతిలో నల్లదారం ఉండ. "కూచో అప్పా. మూడు నిమిషాల పని."

శ్రీనివాసప్ప అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్ళెవరూ లేరు. కూచున్నాడు. కూచున్నాక ఇంకోసారి చూశాడు, ఈసారి పైకి. వెంటనే తల దించుకున్నాడు. పన్నెండేళ్ళుగా మంత్రాలు, తాయెత్తులు వద్దని పదిమందికి చెప్పిన నోరు అది. ఆ నోరే ఇప్పుడు తెరుచుకుని వాడి ముందు ఉంది. సిగ్గుగానే ఉంది. కానీ నొప్పి ముందు సిగ్గు నిలవలేదు.

వాడు దారం తెంపి ఆయన మణికట్టుకు చుట్టబోతూ ఆగాడు. "మీ ఇంటి దేవుడెవరప్పా? ఆ పేరు మీద ముడెయ్యల్ల."

శ్రీనివాసప్పకు చిన్నప్పుడు వాళ్ళ నాయన మొక్కిన దేవుళ్ళ పేర్లు రెండు మూడు గుర్తొచ్చాయి. ఏదో ఒకటి చెబితే పని అయిపోతుంది. చెప్పాలనే నోరు తెరిచాడు. తెరిస్తే, రోజుకు ఇరవైసార్లు నలిగిన పేరే, అలవాటు కొద్దీ, వాచిన చెంప సందులోంచి జారి పడింది.

"ఎచ్చయ్య."

వాడి చేయి ఆగిపోయింది. "ఎవరు?"

"ఎస్స... య్య."

"ఎస్సయ్యా?" వాడి ముఖం తెల్లబోయింది. "యాడ? యాడుండాడు?"

ఇంటి దేవుడు ఎక్కడుంటాడని అడుగుతున్నాడేమో అనుకుని శ్రీనివాసప్ప వేలు పైకెత్తి చూపించాడు. పైన హైవే. వాడు అటువైపు ఒక్క చూపు చూశాడంతే. గొట్టం సంచిలో పడింది, దారం ఉండ సంచిలో పడింది. "లే అప్పా, లే! కుర్చీ నాది!" అంటూ ఆయన కింది కుర్చీ లాగేశాడు. పట్టా ఒక వైపు ఊడింది. ఆ తొందరలో సీసా జారి రాయి మీద పగిలింది. వాడు కుర్చీని మోపెడ్ వెనక కట్టను కూడా కట్టకుండా ఒక చేత్తో పట్టుకుని గుడిబండ దారి పట్టాడు.

పంచరు షాపాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ నింపాదిగా అన్నాడు. "ఎస్సై వచ్చినాడా? పోయిన నెల కూడా ఒక ఎస్సై పట్టుకున్నాడు వాణ్ణి. ఊళ్ళు మారుస్తాంటాడు."

శ్రీనివాసప్ప కింద పడిన పురుగుల వైపు వంగి చూశాడు. ఒక దాన్ని వేలితో నొక్కాడు. అది మెత్తగా నలిగింది. నానిన సేమియా.

అప్పుడు మెల్లగా ఆయనకు అర్థమైంది, తన దేవుడి పేరు వాడి చెవిలో ఎస్సై అయిందని. పంచరు షాపు ముందు నిలబడి నవ్వాడు. నవ్వితే పన్ను పీకింది. పీకితే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు ఎంతకీ ఆగలేదు. షాపాయన భయపడి ఒక స్టూలు తెచ్చి వేశాడు.

తర్వాతి బస్సులో కిటికీ పక్కన కూచుని, ఆ పొద్దుటినుంచి మొదటిసారి దేవుడితో మాట్లాడాడు, పెదవులు కదపకుండా. "మాటల్లేవన్నది నేనే. నిన్ను వదిలి వాడి ముందు కూచున్నది నేనే. వేరే పేరు చెప్పాలనుకున్నదీ నేనే. మరి ఆ పేరు నా నోట్లోంచి ఎట్లొచ్చింది?" చిక్కబళ్ళాపురం వచ్చేదాకా ఆ ప్రశ్న ఆయనకు తోడుగా ఉంది.

అర్పిత పన్ను పీకింది. సూది చూసి పెద్దనాయన కళ్ళు గట్టిగా మూసుకుని తన చేయి పట్టుకున్న సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.

ఇంటికి వచ్చాక శ్రీనివాసప్ప పేరేసంద్ర సంగతి సుజాతమ్మకు చెప్పలేదు. గురువారం, శుక్రవారం కూచుని నోటుబుక్కులో సాక్ష్యం శుభ్రంగా రాసుకున్నాడు. నొప్పి వచ్చింది, ప్రార్థించాను, సహించాను, కదలకుండా నిలబడ్డాను, దేవుడు విడిపించాడు. అద్దం ముందు నాలుగుసార్లు చదివాడు. వాపు పూర్తిగా తగ్గలేదు, కొన్ని అక్షరాలు పలకలేదు. అయినా వినడానికి బాగానే ఉంది.

శనివారం సంఘమంతా ఒక టెంపో కట్టించుకుని చేలూరు మీదుగా చింతామణికి బయలుదేరింది. శ్రీనివాసప్ప పక్కన లక్ష్మీనరసమ్మ కూచుంది. ఆయన నోటుబుక్కు ఆమెకిచ్చాడు. ఎంతయినా సాక్ష్యాల్లో పెద్దావిడ.

ఆమె అద్దాలు పెట్టుకుని చదివింది. గొంతు ఇంకా గుసగుసగానే ఉంది. "అంతా నువ్వే చేసినట్టు ఉండాది గదప్పా. దీంట్లో దేవుడేం చేసినాడు?"

"కాపాడినాడు గదమ్మా."

"దేన్నించి? నువ్వు కదలకుండా నిలబడి ఉంటే ఇంక కాపాడేదేముండాది?"

శ్రీనివాసప్ప కిటికీలోంచి టమాటా తోటల వైపు చూశాడు.

ఆమె ఇంకాస్త దగ్గరికి వంగింది. "నా బావి సాక్ష్యం ఎన్నిసార్లు విన్నావు?"

"పదకొండు సార్లు."

"బావిలో గంటన్నర సేపు రాయి పట్టుకుని కీర్తన పాడినానని చెప్తా గదా. కీర్తన పాడింది చివర్లో పావుగంట. మొదటి గంటాపావు ఆయన్ని తిట్టినా. నాకొచ్చిన మాటలన్నీ తిట్టినా. మా అత్తకు కూడా అన్ని తిట్లు తిట్టలేదు."

శ్రీనివాసప్ప తల తిప్పి ఆమెను చూశాడు. "ఆయనేం చేసినాడు మరి?"

"ఏం చేస్తాడు? తిడతాండేది వింటానే ఉన్నాడు. రాయి మాత్రం చేయి జారనీలేదు." ఆమె అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆ ముక్క స్టేజీ మీద ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గు."

చింతామణిలో కల్యాణమంటపం నిండిపోయింది. మూడొందల మంది పైనే ఉంటారు. వేదిక మీద సంఘపెద్ద మునిశామప్ప అధ్యక్షత. టమాటా మండీ యజమాని, ఇస్త్రీ చొక్కా, నవ్వని ముఖం. బాగేపల్లి పేరు పిలవగానే శ్రీనివాసప్ప మైకు ముందుకు పోయాడు. నోటుబుక్కు తెరిచాడు. మొదటి వాక్యం చదివాడు. రెండోది "ప్రార్థించాను, సహించాను" అని ఉంది. అది చదవబోయి ఆగిపోయాడు. బుక్కు మూసేశాడు.

"అయ్యల్లారా, అమ్మల్లారా," అన్నాడు. "నాకు పండ్లు సరిగా లేవు, మాట సరిగా రాదు, ఓర్చుకోండి. నేను దేవుణ్ణి ఒక కష్టం ఇయ్యమని అడిగినా. సాక్ష్యం చెప్పేదానికి."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆయన పంటినొప్పి ఇచ్చినాడు. రెండు గంటలు నిలబడినా. మూడో గంట వద్దన్నా. మరుసటి రోజు ఆయనతో మాటలు మానేసినా. ఆపైన పేరేసంద్రలో దిగి పంటి పురుగు తీసేవాడి ముందు నోరు తెరుచుకుని కూచున్నా."

ఆడవాళ్ళ వైపు సుజాతమ్మ నిటారుగా లేచి కూచుంది.

ఆయన అంతా చెప్పాడు. దారం, ఇంటి దేవుడు, వేరే పేరు చెప్పాలనుకున్నది, ఎచ్చయ్య, కుర్చీ లాగేసింది, సేమియా. మంటపం నవ్వుతో ఊగిపోయింది. పాస్టరు అమరనాథ్ చేతిరుమాలుతో ముఖం కప్పుకున్నాడు. నవ్వు తగ్గేదాకా శ్రీనివాసప్ప ఆగి, చెంప ఒకసారి తడుముకున్నాడు.

"నేను ధైర్యంగా ఆ పేరు చెప్పలేదు. చెప్పకూడదనే అనుకున్నా. నేను ఆయన్ని గట్టిగా పట్టుకుని ఉన్నానని పన్నెండేండ్లు అనుకుంటా ఉన్నా. ఒక్క పన్నుకే వదిలేసినా. ఆయన వదల్లేదు. లేకుంటే ఈపొద్దు నేను చేతికి దారం కట్టుకుని, ఇంట్లో తలుపేసుకుని ఉంటా. ఇంకో మాట. మా ఇంట్లో నిజమైన కష్టాలన్నీ పడింది మా ఆయమ్మ, సుజాత. మీరు పిలవాల్సింది ఆయమ్మని. అంతే." దండం పెట్టి దిగిపోయాడు.

ఆయన కూచోక ముందే లక్ష్మీనరసమ్మ వేదిక ఎక్కింది. ఎవరూ పిలవలేదు. మైకు నోటికి ఆనించుకుని గుసగుసగా, "బావి సంగతిలో ఒక గంటాపావు మిగిలిపోయింది," అంది. మూడొందల మందీ ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ తర్వాత గౌరిబిదనూరు తొండేభావినుంచి వచ్చినాయన ఒకరు లేచారు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. కార్యక్రమం పట్టీ మునిశామప్ప చేతిలో పనికిరాని కాగితమైపోయింది. రెండు గంటలకు పెట్టాల్సిన భోజనం మూడున్నరకు పెట్టారు.

భోజనాల దగ్గర శ్రీనివాసప్ప ఒక మూల కూచున్నాడు. నమలడం కుదరదు కాబట్టి మాట్లాడడం కూడా తగ్గించాడు. అదే మంచిదయింది. ఒక్కొక్కరే ఆకు చేత పట్టుకుని ఆయన పక్కకు వచ్చి కూచుని, అటూ ఇటూ చూసి, చెవిలో ఏదో చెప్పి లేచిపోతున్నారు. చివరికి మునిశామప్ప కూడా వచ్చాడు.

"రెండేండ్ల కింద మా తోటలో బోరు ఎండిపోయింది," అన్నాడు ముందుకే చూస్తూ. "టెంకాయ చేతిలో పెట్టుకుని నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించినా. సంఘం వాళ్ళు ఊర్లో లేని రోజు చూసి."

"నీళ్ళు పడినాయా?"

"లేదు." ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "రాయి పడింది. నాలుగొందల అడుగులు." అని భుజాలు కుదుపుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు మునిశామప్ప నవ్వడం చూసి, భోజనం ఆపి మరీ చూశారు.

ఆయన పోయాక సుజాతమ్మ వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది. ఒక చేతిలో చారు గిన్నె, ఒక చేతిలో మెత్తగా కలిపిన అన్నం.

"పేరేసంద్రలో దిగినావంట."

"ఊ."

"నాతో చెప్పకుండా."

"ఊ."

"మైకులో తెలిసింది నాకు. మూడొందల మందితో పాటు." ఆమె గిన్నె ఆయన ముందు పెట్టి, పక్కనే కింద కూచుంది. చారు ఇంకొంచెం పోసి, చేత్తో అన్నం ఇంకా మెత్తగా పిసికింది. "దేవుడంటే ఓర్చుకున్నాడు. నేనింకా ఓర్చుకోలేదు. తిను, చల్లారిపోతాది."

శ్రీనివాసప్ప ఎడమ వైపుకు ముద్ద పెట్టుకున్నాడు. వేడిగా, కారంగా ఉంది. మంగళవారం తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాడు.